నీలి నాలుకల హాజరు

రోహిణి కార్తె

పైన రోళ్ళు పగిలే ఎండలట. కింద మేం దుప్పట్లు కప్పుకుని ఉప్మా తింటున్నాం.

కింద అంటే పాత బొగ్గు గనిలో. బొగ్గంతా తవ్వేశాక ఖాళీగా ఎందుకుండాలని మమ్మల్ని నింపారు. ఇక్కడ ఏ కాలమైనా గోడలకు అదే చెమ్మ, దీపాలకు అదే తేనెరంగు. మా నాన్న సేద్యం చేసినవాడు, అందుకని నేను కార్తెలు గుర్తుపెట్టుకుంటాను. అవి కూడా లేకపోతే పైన కాలమనేది ఒకటి నడుస్తోందని మరిచిపోతాను.

నా పేరు సుగుణ. చెన్నూరు రూటు రాత్రి బస్సులో కండక్టరుగా చేశాను. పగటి బస్సులు మా అమ్మ కాలంలోనే ఆగిపోయాయి, ఎండకు టైర్లు మెత్తబడేవట. కాలేయంలో గడ్డ అని తేలాక ఇక్కడికి దిగాను. రెండేళ్ళన్నారు. అవి అయ్యాక ఇంకో రెండేళ్ళన్నారు. ఇప్పుడు ఏడో ఏడు నడుస్తోంది, ఇంకెన్నాళ్ళని అడగడం మానేశాను. మా ఆయన మొదట్లో ప్రతి ఆదివారం, గనిలోకి మనుషుల్ని దించే తాడుబండిలో దిగి వచ్చేవాడు. ఇప్పుడు పండగలకు వస్తున్నాడు. తప్పు పట్టనని అందరికీ చెబుతాను. లోపల పడతాను.

మా వైద్యం చెప్పడానికి సులువే. పొద్దున్నే ఒక నీలి గోళీ మింగాలి. అది రక్తంలో కలిసి గడ్డను పట్టుకుంటుంది. వారానికోసారి దీపం గదిలో పడుకోబెట్టి గడ్డ ఉన్నచోట ఎర్రటి వెలుగు పెడతారు. గోళీ పట్టిన చోటల్లా మాడుతుంది. రెండు రోజులు మనిషి మనిషిలా ఉండదు. తకరారు ఏమిటంటే, గోళీ గడ్డలోనే ఉండదు, ఒళ్ళంతా ఉంటుంది. ఎండ ఎక్కడ తగిలితే అక్కడ మాడుతుంది. పైన ఎంత గట్టి గోడ కట్టినా కిటికీ ఉంటుంది, కిటికీకి సందు ఉంటుంది. అందుకని ఈ గని.

మింగిన గంటకు నాలుక నీలమవుతుంది. అప్పుడు ఎస్తేరు సిస్టర్ మమ్మల్ని వరసలో నిలబెట్టి నాలుకలు చూస్తుంది. అదే మా హాజరు. జీవితమంతా జనాన్ని టికెట్ చూపించమన్నాను, ఇప్పుడు నేను నాలుక చూపిస్తున్నాను.

ఈ దినచర్య రాయడం కూడా మందులో భాగమేనట. ప్రతిసారీ చివర ఒక ఆశావాక్యం ఉండాలి. లేకపోతే రాయడానికి వాళ్ళిచ్చిన ఈ తెరపలక మూసుకోదు, కుయ్యో మొర్రో అంటుంది. అది చూసేది ఆ ఒక్క వాక్యం ఉందా లేదా అనే. మిగతాది ఏ మనిషీ చదవడు, కాబట్టి నా నోటికి అడ్డు లేదు.

ఆశావాక్యం: ఇవాళ ఉప్మాలో ఒక జీడిపప్పు తగిలింది.

రోహిణి చివర్లో

ఇవాళ ఎండను చూశాను.

మూడో గ్యాలరీ సొరంగం చివర పాత గాలిబావి ఉంది. గని నడిచే రోజుల్లో దాంట్లోంచి గాలి దిగేది. పైన సిమెంటు పలకతో మూసేశారు. అడుగున నేల వెడల్పుగా, పొడిగా ఉంటుంది కాబట్టి నేను అక్కడే చీరలు ఆరేసుకుంటాను. మధ్యాహ్నం వెళితే నేల మీద రూపాయి బిళ్ళంత తెల్లగా ఏదో మెరుస్తోంది. ఎవరిదో చెంచా పడిందనుకుని వంగబోయాను.

"ముట్టకక్కా" అని వెనక నుంచి ఓదెలు అన్నాడు.

ఓదెలు గోడల మీద అక్షరాలు రాసేవాడు. ఊళ్ళో ఏ దుకాణం పేరు చూసినా అది అతని చేతిదే. రంగులు పీల్చీ పీల్చీ ఊపిరితిత్తిలో గడ్డ వచ్చింది. దిగి మూడేళ్ళయింది. నన్ను అక్కా అంటాడు, నాకన్నా నాలుగాకులు ఎక్కువే చదివినట్టు మాట్లాడతాడు.

ఎండలకు పైన సిమెంటు పలక పగిలిందని అతనే చెప్పాడు. నాకంటే వారం ముందే చూశాడట. సూర్యుడు నెత్తి మీదికి వచ్చినప్పుడే ఆ వెలుగు నేల మీదికి దిగుతుంది. ఒక గోడ వైపు నుంచి మొదలై మెల్లగా నేల దాటి, ఇంకో గోడ ఎక్కి మాయమవుతుంది. అది నడిచిన దారంతా అతను సుద్దముక్కతో గీత గీశాడు. తన వృత్తికి తగ్గట్టు చక్కగా, వంకర లేకుండా ఉంది ఆ గీత.

దూరంగా కూర్చుని చూశాను. వెలుగులో దుమ్ము తిరుగుతోంది. ఏడేళ్ళ తర్వాత ఎండలో దుమ్ము చూశాను, ఏడుపొచ్చింది.

ఆశావాక్యం: దుమ్ము.

మృగశిర కార్తె

ఇప్పుడు ఎనిమిదిమందిమి అయ్యాం. ఎవరి నోటా మాట జారలేదు గానీ ఎలాగో అందరికీ తెలిసిపోయింది. సిస్టరుకు చెబుదామని మాత్రం ఎవరూ అనలేదు. చెబితే మూసేస్తారు.

భోజనాలకు ముందు కుర్చీలు తీసుకుని వెళ్ళి సుద్దగీతకు మూరెడు దూరంలో వరసగా కూర్చుంటాం. వెలుగు కదిలినప్పుడల్లా మేమూ కదలాలి. "ముందుకు జరగండి, వెనక ఖాళీ లేదు" అని నేనే అంటాను. నా గొంతుకు పాత పని దొరికింది. మబ్బు పట్టిన రోజు వెలుగు రాకపోయినా ఆ కుర్చీల్లోనే కూర్చుంటాం.

సమీనా అని కొత్తగా దిగిన అమ్మాయి ఉంది, డిగ్రీ రెండో ఏడు చదువుతూ వచ్చింది. మొన్నటిదాకా మంచం దిగేది కాదు. ఇప్పుడు అందరికంటే ముందు కుర్చీ వేస్తుంది. ధైర్యం చెప్పే సారు తెరమీద ఏడాది మాట్లాడినా జరగని పని ఆ రూపాయి బిళ్ళ చేసింది.

మృగశిర అని వంటవాళ్ళు ఇవాళ చేపలు పెట్టారు. ముళ్ళు లేని చేప, రుచీ లేదు. ఓదెలు ఇంటామె మాత్రం వారం వారం తాడుబండిలో బుట్టెడు నేరేడు పళ్ళు పంపుతోంది. మాకు తలా గుప్పెడు ఇచ్చి మిగతాది తన మంచం కింద పెట్టుకుంటాడు. అంత పీనాసితనం అతనిలో ఎప్పుడూ చూడలేదు. దెప్పితే నవ్వి ఊరుకున్నాడు.

ఇంకో విడ్డూరం. దీపం గది నుంచి నేను గోడ పట్టుకుని వచ్చాను. ఓదెలు ఈల వేసుకుంటూ వచ్చాడు. గడ్డ చిన్నదైతే నొప్పి తగ్గుతుందని ఎవరో అన్నారు. అందరం అతని వైపు ఆశగా చూశాం. నాకు కొంచెం కుళ్ళు కూడా కలిగింది.

ఆశావాక్యం: నేరేడు గింజలు దాచాను, ఎక్కడ నాటుతానో తెలియదు.

ఆరుద్ర కార్తె

ఎడమ చేత్తో రాస్తున్నాను.

నాలుగు రోజుల ముసురు తర్వాత ఇవాళ తెరిపిచ్చింది. వానకు పగులు కోసుకుపోయినట్టుంది, వెలుగు రూపాయి బిళ్ళ నుంచి అరచేయంత అయింది. అందరం కుర్చీల్లో ఉన్నాం. ఓదెలు లేచి, చెయ్యి చాచి ఎండలో పెట్టాడు.

చెయ్యి మాడలేదు, ఎర్రబడలేదు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. కళ్ళు మూసుకున్నాడు. అతని మొహం చూస్తే కడుపునిండా అన్నం తిన్న పిల్లవాడి మొహంలా ఉంది.

ఒక ముసలాయన దణ్ణం పెట్టాడు. జబ్బు తగ్గినవాణ్ణి ఎండ ఏం చేస్తుందని ఒకరన్నారు. ఒకరికి తగ్గడం మొదలైతే మిగతావాళ్ళకూ తగ్గుతుందని ఇంకొకరు. నేను ఎవరి మాటా నమ్మని రకం. చిల్లర లేదన్నవాడి జేబు చప్పుడు వినగలను. కానీ నమ్మాను. ఏడేళ్ళు నన్ను మూసిపెట్టిన తలుపు ఓరగా తెరుచుకున్నట్టు అనిపించింది, నమ్మకుండా ఉండలేకపోయాను.

సమీనా లేచి తన చెయ్యి కూడా పెడతానంది. ఆగు, పెద్దదాన్ని, ముందు నేను అన్నాను. ఓదెలు కళ్ళు తెరిచి వద్దని అరిచేలోపు నా నాలుగు వేళ్ళు ఎండలో ఉన్నాయి.

వేడిగా ఏమీ తెలియలేదు, మొదట వెచ్చగా, హాయిగా ఉంది. తర్వాత నూనె మూకుట్లో పెట్టినట్టయింది. చర్మం అక్కడికక్కడే బొబ్బలెక్కింది. సమీనా నన్ను వెనక్కి లాగింది.

ఓదెలుకు తగ్గింది గానీ నాకింకా తగ్గలేదని మిగతావాళ్ళు సరిపెట్టుకున్నారు. టీ పాత్ర మీద పడిందని సిస్టరుకు చెప్పాను. కట్టు కట్టించుకుని వచ్చాక ఓదెలు నా మంచం దగ్గర కూర్చుని తల ఎత్తలేదు. ఏం చేశావని అడిగాను. నాలుక చాపాడు. నీలంగా ఉంది, కానీ దగ్గర నుంచి చూస్తే ఆ నీలంలో వంగపండు ఛాయ ఉంది.

"గోలీ మింగుతలేనక్కా. దవడల పెట్టుకోని ఊంచేస్తున్న. గంటసేపు నేరేడు పండ్లు నములుతున్న."

అందుకే దీపం నొప్పి లేదు, ఎండకు చెయ్యి మాడలేదు. పట్టుకోవడానికి గోళీ ఉంటే కదా, వెలుగు దేన్ని కాలుస్తుంది. మూడు వారాలుగా అతని ఒంట్లో మందు లేదు. మూడు వారాలుగా గడ్డకు పండగే.

ఎందుకని అడగడానికి నాకు కోపం అడ్డొచ్చింది. అతనే చెప్పాడు. దీపం గది భరించలేక కాదట. భరిస్తే ఏమొస్తుందో ఎవరూ చెప్పకపోవడం భరించలేకట. ఒక్కసారి చేతి మీద ఎండ పడితే చాలనుకున్నాడు. ఎవరికీ చెప్పనని నా చేత ఒట్టు వేయించుకున్నాడు, నా నెత్తి మీదే, నా కట్టు చేత్తోనే. నొప్పి మందు మత్తులో వేశాను.

ఆశావాక్యం: కాలింది నా వేళ్ళే, సమీనావి కావు.

పునర్వసు కార్తె

ఒట్టు వేశానే గానీ ఊరుకోలేదు. గోళీ మింగమని పొద్దునా సాయంత్రం పోరుపెడుతున్నాను. స్టేజీ రాకముందే దిగిపోతే టికెట్ డబ్బులు వాపసివ్వరని చెప్పాను. నవ్వాడు. నవ్వు దగ్గులోకి దిగింది, దగ్గు ఆగాక తువ్వాలు మడిచి దాచుకున్నాడు. లాక్కుని చూస్తే రక్తం.

ఆ రోజు నుంచి మింగుతానన్నాడు. మింగలేదు. మర్నాడూ మింగలేదు. మళ్ళీ మొదలుపెడితే ఇక ఎండ ముట్టలేనని, ఇంకొక్క రోజు, ఇంకొక్క రోజు అంటున్నాడు. తాగుబోతులు బస్సు దిగేముందు ఇలాగే అంటారు.

ఈలోగా లోపలి గడ్డకు నెలవారీ పటం తీశారు. అతని గడ్డ రెట్టింపయింది. డాక్టరమ్మ చాలాసేపు పటం చూసిందట. నాలుక రోజూ నీలంగానే ఉంది, దీపం రోజు తప్పలేదు. అంటే గోళీ ఇతనికి పనిచేయడం మానేసిందని ఆమె తేల్చింది. ఆమె తప్పేముంది. పనిచేయనివాళ్ళను పై వార్డుకు పంపుతారు. అక్కడ గోళీ ఉండదు, దీపం ఉండదు. కిటికీలు ఉంటాయి. పెద్దపెద్ద కిటికీలట, మంచం మీద నుంచే ఆకాశం కనిపిస్తుందట. అక్కడికి వెళ్ళినవాళ్ళెవరూ తాడుబండిలో తిరిగి రాలేదు.

పై వార్డుకు పంపుతున్నామని చెబితే ఓదెలు కాసేపు సంతోషపడ్డట్టే కనిపించాడు. రోజంతా ఎండ, ఎంత కావాలంటే అంత. మూట కట్టుకోవడం మొదలుపెట్టాడు. చొక్కా మడత కుదరడం లేదు, విప్పి మళ్ళీ మడుస్తున్నాడు. గోడల మీద గీత తప్పని చెయ్యి అది.

"అక్కా, నాకు గింత జల్ది పోబుద్ధి అయితలేదు" అన్నాడు.

మరి నువ్వే వెళ్ళి నిజం చెప్పు అన్నాను. తల అడ్డంగా ఊపాడు. ఇంతమందిని మోసం చేశాక, నీ వేళ్ళు కాల్చాక ఏ మొహంతో చెప్పాలన్నాడు. మళ్ళీ గోళీ వేసుకున్నా గడ్డ లొంగుతుందని ఏముందన్నాడు. సిగ్గు ఒక పక్క, భయం ఒక పక్క పట్టుకుని కూర్చున్నాయి, మనిషి మధ్యలో ఇరుక్కున్నాడు. ఈ గనిలో మాకు ఇరుకు చాలదన్నట్టు.

ఆశావాక్యం: రాయాల్సింది ఏమీ లేదు, ఇది వాక్యమే కదా.

పుష్యమి కార్తె

ఇవాళ తాడుబండి వచ్చింది.

అందరం హాజరుకు నిలబడ్డాం. ఓదెలు చివర ఉన్నాడు, పక్కన మూట. పైకి వెళ్ళేవాడికి కూడా ఆఖరి హాజరు ఉంటుంది, అది ఇక్కడి పద్ధతి. ఎస్తేరు సిస్టర్ కళ్ళు తడిగా ఉన్నాయి. మూడేళ్ళు అతని నాలుక చూసింది మరి. నేరేడు పళ్ళ కాలం అయిపోవచ్చింది, బుట్ట అడుగున మిగిలిన వాడిపోయిన పళ్ళు నమిలి వచ్చినట్టున్నాడు. ఈ పొద్దు కూడా నమిలాడంటే అబద్ధం అతనికి అలవాటైపోయింది.

నా వంతు వచ్చింది. నాలుక చాపాను, లోపలికి తీసుకున్నాను. ముందుకు జరగాల్సింది, జరగలేదు. నెత్తి మీద వేసుకున్న ఒట్టు గుర్తొచ్చింది. మా అమ్మ ఒట్టు తప్పితే తల పగులుతుందనేది. పగిలితే పగలనీ అనుకున్నాను, ఏడేళ్ళుగా ఈ తలతో ఏం ఉద్ధరించాను గనుక.

"సిస్టరమ్మా, ఓదెలు నాలుక తడిగుడ్డతో తుడువు" అన్నాను.

ఆమెకు అర్థం కాలేదు. మళ్ళీ చెప్పాను. ఓదెలు నా వైపు చూశాడు. బతిమాలుతున్నాడో తిడుతున్నాడో తెలియలేదు. సిస్టర్ దూది తడిపి తెచ్చింది. నోరు తెరవనని పళ్ళు బిగబట్టాడు. సమీనా వరసలోంచి వచ్చి, చిన్నాయనా తెరువు అని గడ్డం పట్టుకుంది. తెరిచాడు.

దూదికి వంగపండు రంగు అంటింది. కింద గులాబీ రంగు నాలుక బయటపడింది, పసిపిల్లల నాలుకలా.

డాక్టరమ్మ వచ్చింది. గోళీ పనిచేయక కాదు, మింగక అని తెలిశాక పై వార్డు కాగితం చింపేసింది. తాడుబండి ఖాళీగా పైకి పోయింది. ఓదెలు మూట ఎత్తుకుని నా పక్కగా వెళ్తూ ఆగాడు.

"నీ నెత్తి మీద ఒట్టేసినవ్ గదక్కా."

"ఏసిన. తీసి గట్టుమీద పెట్టిన. నువ్వు గోలీ మింగు, నా నెత్తి సంగతి నేను చూసుకుంట."

మూట భుజం మార్చుకుని పోయాడు.

ఆశావాక్యం: తాడుబండి ఖాళీగా పోయింది.

ఆశ్లేష కార్తె

గాలిబావి సంగతి కూడా బయటపడింది, పడకుండా ఎలా ఉంటుంది. పైన కొత్త సిమెంటు వేశారు. ఇప్పుడు అక్కడ చీర ఆరేసుకోవడానికి కూడా దీపం పట్టుకుని వెళ్ళాలి.

ఎవరూ నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. ఒక మనిషిని నిలబెట్టానని ఎవరూ అనరు. ఎండను పోగొట్టానని అంటారు, ఎదురుగా కాదు, కుర్చీలు జరుపుకునేటప్పుడు. దణ్ణం పెట్టిన ముసలాయన నేను కూర్చుంటే లేచిపోతాడు. సమీనా ఒక్కతే నా కంచంలో అన్నం కలిపి ఇస్తుంది, కట్టు ఇంకా విప్పలేదు కాబట్టి.

ఓదెలును దీపం గది పక్కనే ఉంచారు. ఎదురుగా నిలబడి గోళీ మింగిస్తున్నారు. గడ్డ పెరిగినందుకు వెలుగు కూడా పెంచారట. గోడకు ఇవతల నుంచి అతని మూలుగు విన్నాను. ఆ మూలుగు నేను కొనిపెట్టిందే. లోపలికి వెళ్ళబోతే నన్ను చూడనన్నాడని సిస్టర్ మెల్లగా చెప్పింది.

నా పటం కూడా వచ్చింది. గడ్డ పెరగలేదు, తగ్గలేదు. ఇంకో రెండేళ్ళు అన్నారు. చేసింది మంచిపనే అయితే ఇంత ఊపిరాడనట్టు ఎందుకుంది. ఈ గ్యాలరీ కప్పు కిందికి దిగిందేమోనని ఇవాళ చెయ్యెత్తి కూడా చూశాను.

ఆశావాక్యం రాయబుద్ధి కాలేదు. పలక కుయ్యో మొర్రో అంటోంది. ఆశావాక్యం: దోసకాయ.

మఖ కార్తె

కట్టు విప్పారు. వేళ్ళ చివర్లు నున్నగా అయ్యాయి, గీతలు పోయాయి. టికెట్లు చింపే రోజుల్లో అయితే జారిపోయేవి.

మధ్యాహ్నం చీర ఆరేయడానికి గాలిబావికి వెళ్ళాను. అప్పటికే అక్కడ దీపం ఉంది. ఓదెలు నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. ఎముకలగూడయ్యాడు, జుట్టు పలచబడింది. పక్కన సుద్దముక్కలు. పాత గీత పక్కనే కొత్త గీతలు గీస్తున్నాడు, ఒక్కోదాని చివర ముద్దుముద్దుగా పేరు రాస్తున్నాడు. భరణి. కృత్తిక. రోహిణి. గీత మాత్రం తప్పలేదు.

వెనక్కి వెళ్ళిపోదామనుకున్నాను. చీర నుంచి నీళ్ళు కారుతున్నాయి, ఆ చప్పుడుకు తిరిగాడు.

"ఈ నెలతోని సూర్యుడు ఎట్లయినా గోడెక్కుతడక్కా. మళ్ళ భరణికి దిగుతడు. ఏ కార్తెకు ఏ జాగల పడ్తదో గీస్తున్న. కుర్చీలు ముందే ఏసుకోవచ్చు."

నెల తర్వాత నాతో అతను మాట్లాడిన మొదటి మాట కుర్చీల గురించి. పైన సిమెంటు వేశారు కదా తమ్మీ, ఏ సూర్యుడు దిగుతాడు అన్నాను.

"రోహిణికి రోళ్లే పలుగుతయి. సిమెంటెంత" అన్నాడు.

భరణి అంటే ఇంకా ఎనిమిది నెలలుంది. అందులో ఎన్ని దీపం రోజులున్నాయో అతనికీ తెలుసు, నాకూ తెలుసు. గడ్డ లొంగుతుందో లేదో డాక్టరమ్మ ఇంకా చెప్పలేదు. సుద్దముక్క తీసుకుని రోహిణి గీత పక్కన ఎనిమిది కుర్చీలకు ఎనిమిది సున్నాలు చుట్టాను. నా సున్నాలు వంకరగా ఉన్నాయని విసుక్కుని రెండు చెరిపి మళ్ళీ చుట్టాడు.

లేచేటప్పుడు నా భుజం పట్టుకున్నాడు. దీపం ఎత్తి మొహం దగ్గర పెట్టుకుని, హాజరులో లాగా, నాలుక చాపాడు. నీలంగా ఉంది. నేను ఒకసారి మోసపోయినదాన్ని. తడిచీర కొంగు వేలికి చుట్టి నాలుక మీద గట్టిగా రుద్దాను. మళ్ళీ రుద్దాను.

ఆశావాక్యం: రంగు ఊడలేదు.